సగటుల పోలికలో హారమే అసలు తగువు: ఏ అనోవా ఎక్కడ వాడాలి?

నాలుగు వరి రకాలు, ఒక్కో రకానికి నాలుగు మళ్ళు. కోతలు అయ్యాయి, నూర్పు అయింది, తూకాలు ఎక్సెల్‌లోకి ఎక్కాయి. మెనూ తెరిస్తే సింగిల్ ఫ్యాక్టర్ అంటుంది, టూ ఫ్యాక్టర్ విత్ రెప్లికేషన్ అంటుంది, వితౌట్ రెప్లికేషన్ అంటుంది. గైడ్ సీడీ (క్రిటికల్ డిఫరెన్స్, రెండు సగటుల మధ్య ఉండవలసిన కనీస తేడా) వేయమంటారు, సీనియర్ టుకీ (జతలన్నీ పోల్చే ఇంకో పద్ధతి) వేయమంటాడు, యూట్యూబ్‌లో ఇంకెవరో డేటా నార్మల్‌గా, అంటే గంట ఆకారంలో, లేకపోతే క్రుస్కల్-వాలిస్ (అంకెల బదులు ర్యాంకులు పోల్చే పరీక్ష) అంటారు. నైరా వ్యవసాయ కళాశాలలో థీసిస్ రాసేవారికైనా, విజయనగరంలో డిగ్రీ ప్రాజెక్టు చేసేవారికైనా, పలాసలో జీడిపప్పు నాణ్యత చూసేవారికైనా చిక్కు వచ్చేది ఇక్కడే.

చిక్కు విప్పడానికి పట్టుకోవలసిన కొస ఒకటే. అనోవా, అంటే విస్తృతి విశ్లేషణ, ఒక భిన్నం. గుంపుల సగటులు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయన్నది లవం. ఒకే గుంపులోని మళ్ళు తమలో తాము ఎంత తేడాగా ఉన్నాయన్నది హారం. ఈ భిన్నం విలువే ఎఫ్. పైన ఉన్న లవం ఏ పద్ధతిలోనైనా దాదాపు ఒకటే. పద్ధతి మారితే మారేది హారం. కాబట్టి ‘ఏ పరీక్ష వాడాలి’ అన్న ప్రశ్నకు అసలు రూపం ‘నా సగటుల తేడాను దేనితో తూచాలి’ అన్నది. దానికి జవాబు కంప్యూటర్ ముందు దొరకదు. ఉభాలకు ముందు మళ్ళు ఏ వరుసలో ఎలా పంచారన్నదాంట్లో ఉంటుంది.

ఈ పద్ధతి పుట్టిందీ పొలంలోనే. 1920లలో ఇంగ్లండ్‌లోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో ఫిషర్ దీన్ని తీర్చిదిద్దాడు. ఎఫ్ అన్న అక్షరం ఆయన గౌరవార్థం అమెరికన్ గణాంకవేత్త స్నెడెకర్ పెట్టింది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఆ ఫిషర్ దగ్గరే. మనకు ఇదేమంత దూరపు విద్య కాదు.

రెండేసి చొప్పున టీ-టెస్ట్ చేస్తే ఏమిటి నష్టం?

గుంపులు రెండే అయితే నష్టమేమీ లేదు. మామూలు టీ-టెస్ట్ చేసినా, అనోవా చేసినా ఒకటే. టీ విలువను వర్గం చేస్తే సరిగ్గా ఎఫ్ వస్తుంది. గుంపులు నాలుగైతే జతలు 6 అవుతాయి. ఒక్కో జతకు 5 శాతం పొరపాటు ఒప్పుకుంటే, ఆ పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకున్నా, కనీసం ఒక్కచోట లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం 26 శాతం. అయిదు గుంపులకు 10 జతలు, 40 శాతం. దీనికి తోడు ప్రతి టీ-టెస్టూ తన రెండు గుంపుల నుంచే హారం తెచ్చుకుంటుంది, మిగతా మళ్ళు ఇచ్చే సమాచారాన్ని పక్కన పడేస్తుంది. గుంపులు రెండు దాటాక జతల వారీ టీ-టెస్టులతో మొదలుపెట్టడానికి సాకు ఏదీ లేదు.

సీఆర్‌డీనా, ఆర్‌బీడీనా: ఒకే డేటా, రెండు తీర్పులు

రకాలను పొలం మొత్తానికి చీటీ తీసి పంచితే సీఆర్‌డీ, పొలాన్ని వరుసలు చేసి ప్రతి వరుసలోపల విడిగా చీటీ తీస్తే ఆర్‌బీడీ. చర్చ ఎక్కువ కావలసింది ఇక్కడ, తక్కువ జరిగేదీ ఇక్కడే. కింది అంకెలు లెక్క చూపడానికి కల్పించినవి, ఏ నిజమైన రకానివీ కావు. కాలువ కింద మెరక నుంచి పల్లానికి దిగే పొలం. వాలుకు అడ్డంగా నాలుగు వరుసలు. ప్రతి వరుసలో నాలుగు మళ్ళు, ఏ మడికి ఏ రకమో ఆ వరుస వరకు చీటీ తీసి పెట్టారు. అంచు వరుసలు వదిలేసి కోసిన నికర విస్తీర్ణం మడికి 20 చదరపు మీటర్లు, దిగుబడి కిలోల్లో.

| వరుస | పాత రకం | కొత్త-1 | కొత్త-2 | కొత్త-3 |
|---|---|---|---|---|
| మెరక | 8.65 | 8.65 | 9.45 | 8.45 |
| రెండోది | 8.75 | 10.15 | 9.85 | 9.65 |
| మూడోది | 9.95 | 10.05 | 11.25 | 9.95 |
| పల్లం | 10.25 | 11.55 | 11.45 | 11.15 |
| సగటు | 9.40 | 10.10 | 10.50 | 9.80 |

ప్రతి అంకెకూ మొత్తం సగటుకూ ఉన్న తేడాను వర్గం చేసి కూడితే వచ్చేది (వర్గాల మొత్తం) 15.50. అందులో రకాల వాటా 2.60, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (స్వేచ్ఛగా మారగల అంకెల సంఖ్య, ఇకపై డీఎఫ్) 3. కాబట్టి లవం 2.60 ÷ 3 = 0.867. ఇక్కడిదాకా అందరికీ ఒకటే.

ఈ డేటాను ఎక్సెల్ సింగిల్ ఫ్యాక్టర్‌లో పెడితే, అంటే సీఆర్‌డీగా చూస్తే, మిగిలిన 12.90 మొత్తం పొరపాటు ఖాతాలో పడుతుంది. డీఎఫ్ 12, హారం 1.075. ఎఫ్ 0.81. తేడా ఉందనడానికి 5 శాతం పొరపాటు దగ్గర ఎఫ్ దాటవలసిన గీత 3.49. ‘రకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు’ అని రాసేసి ఇంటికి వెళ్ళొచ్చు.

ఇప్పుడు వరుసలను లెక్కలోకి తెద్దాం. వరుసల సగటులు 8.8, 9.6, 10.3, 11.1. వాటి వర్గాల మొత్తం 11.56. పొరపాటు ఖాతాలో పడినదాంట్లో దాదాపు 90 శాతం పొలం వాలుదే, రకాలకు దానితో సంబంధం లేదు. అది తీసేస్తే మిగిలేది 1.34, డీఎఫ్ 9, హారం 0.149. ఎఫ్ 5.82, గీత 3.86. పి విలువ (తేడా నిజంగా లేకపోయినా ఇంత ఎఫ్ వచ్చే అవకాశం) 0.02 లోపే. అవే 16 అంకెలు, తీర్పు తలకిందులు.

వరుసల కోసం మూడు డీఎఫ్‌లు ఖర్చయ్యాయి, గీత 3.49 నుంచి 3.86కు పెరిగింది. ఆ ఖర్చుకు హారం ఏడో వంతుకు దిగింది. మన నేలల్లో, ముఖ్యంగా నీరు ఒక మూల నుంచి వచ్చి మరో మూలకు పోయే మళ్ళలో, ఇది దాదాపు ఎప్పుడూ లాభసాటి బేరమే. గుర్తు పెట్టుకోవలసింది వరుస దిశ. నీరు ఎక్కడైతే ఒకే మట్టంలో ఉంటుందో ఆ మళ్ళన్నీ ఒక వరుసలోకి రావాలి. మెరక నుంచి పల్లానికి నిలువుగా వరుస పెడితే వాలు మొత్తం వరుసలోపలే ఉండిపోతుంది; పేరుకు ఆర్‌బీడీ, ఫలితం సీఆర్‌డీ కన్నా అధ్వానం.

సీఆర్‌డీ చోటు వేరే ఉంది. ఒకే షెడ్డులో కుండీలు, ఒకే ఇంక్యుబేటర్‌లో పెట్రి ప్లేట్లు, ఒకే బస్తా మట్టి నింపిన కవర్లు: అక్కడ వరుసలు పెడితే డీఎఫ్‌లు పోవడమే తప్ప వచ్చేదేమీ లేదు. నీటి వాలు ఒక దిక్కున, చెట్ల నీడ మరో దిక్కున ఉంటే రెండు దిక్కులా వరుసలు కట్టే లాటిన్ స్క్వేర్. అయితే రకాలు ఎన్నో రెప్లికేషన్లూ (ఒక్కో రకానికి వేసే మళ్ళు) అన్నే కావాలి కాబట్టి ఏడెనిమిది దాటితే మోయలేం.

వరుసలు వేసి, తీరా ‘వరుసల ఎఫ్ నెగ్గలేదు (గీత దాటలేదు) కదా’ అని వాటిని తీసేసి సీఆర్‌డీగా మార్చడం తప్పు. చీటీలు వరుసలోపల తీశారు, లెక్కా అలాగే ఉండాలి. చీటీలు పొలం మొత్తానికి తీసి, లెక్క దగ్గర వరుసలు ఉన్నట్టు నటించడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇంకో మాట, ఇది ఏ అనోవా సరిచేయలేనిది. తూకం వేసేటప్పుడు తేమ రాసుకోకపోతే ఆలస్యంగా పండే రకం పచ్చిగా తూగి గెలిచేస్తుంది. తూకాన్ని (100 − తేమ శాతం) ÷ 86తో గుణిస్తే 14 శాతం తేమకు దిగుతుంది. 20 శాతం తేమతో 10.8 కిలోలు తూగిన మడి నిజానికి 10.05. పై పట్టికలో రకాల మధ్య ఉన్న తేడా అంతా ఇలాంటి ముప్పావు కిలో దగ్గరే తిరుగుతోందని గమనించండి.

మొక్కలు వంద కొలిచినా రెప్లికేషన్ ఒకటే కావచ్చు

చోడి చేలో మూడు ఎరువుల మోతాదులు, ఒక్కో మోతాదుకు ఒక్క పెద్ద మడి, ఒక్కో మడిలో 30 మొక్కల వెన్నులు కొలిచారు. 90 అంకెలు, డీఎఫ్ 87, పి విలువ 0.001 కన్నా తక్కువ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పనికిరాదు. ఆ 30 మొక్కలూ ఒకే నేల మీద, ఒకే తడిలో పెరిగాయి. ఎరువు వేసింది మొక్కకు కాదు, మడికి. చీటీ దేనికి తీశామో అదే యూనిట్. ఇక్కడ ప్రతి మోతాదుకూ యూనిట్ ఒక్కటే, హారానికి పనికొచ్చే అంకె ఒక్కటీ లేదు.

ఎరువు ప్రభావమా, ఆ మడి మట్టి ప్రభావమా అన్నది ఈ డేటా నుంచి విడదీయడానికి ఏ సాఫ్ట్‌వేరూ లేదు. మళ్ళు నాలుగేసి ఉండి, ఒక్కో మడిలో 30 మొక్కలు కొలిస్తే, ముందు మడికి ఒక సగటు తీసి ఆ సగటుల మీదే అనోవా చేయండి. సింపుల్ పద్ధతి, తప్పు పోని పద్ధతి. పలాసలో జీడిపప్పు బోర్మాలో (వేడి గాలి గదిలో) ఆరబెట్టే వేళను పోల్చినా ఇంతే: ఒక వాయిలోంచి తీసిన 50 పప్పులు 50 రెప్లికేషన్లు కావు, ఒక్క వాయి.

మామూలు అనోవానా, వెల్చ్ అనోవానా

మామూలు అనోవా అన్ని గుంపుల చెదురును కలిపి ఒక్క హారం చేస్తుంది. గుంపులన్నీ ఇంచుమించు ఒకేలా చెదిరి ఉంటేనే ఆ కలపడానికి అర్థం. 1951లో వెల్చ్ చూపిన పద్ధతిలో ప్రతి గుంపూ తన చెదురును తానే మోస్తుంది.

జీడి పిక్కలు కొట్టే మూడు పద్ధతులు తీసుకుందాం, ఇవీ కల్పిత అంకెలే. రోజుకు ఒక వాయి, ప్రతి వాయికి విరగని గుండు పప్పు శాతం. చేతితో కొట్టినవి 5 వాయిలు, సగటు 78, ప్రామాణిక విచలనం 8. కాలితో తొక్కే మిషన్ 12 వాయిలు, సగటు 84, విచలనం 3. ఆటోమేటిక్ మిషన్ 12 వాయిలు, సగటు 80, విచలనం 2. చేతి పనిలో మనిషిని బట్టి, రోజును బట్టి తేడా ఉంటుంది. మిషన్ రోజూ ఒకేలా విరగ్గొడుతుంది. చెదురు సమానంగా ఉండాలనుకోవడమే అత్యాశ.

మామూలు అనోవాలో ఉమ్మడి హారం 15.35, ఎఫ్ 5.28, పి 0.01 దగ్గర. వెల్చ్‌లో ఎఫ్ 7.25, హారం డీఎఫ్ 26 నుంచి 9కి పడిపోతుంది, పి అక్కడక్కడే. రెండూ ఒకటే చెప్పాయి కదా అనిపిస్తుంది. జతల్లోకి దిగితే అప్పుడు బయటపడుతుంది.

టుకీ పద్ధతిలో చేతి పనికీ కాలి మిషన్‌కీ తేడా 6, దాని ప్రామాణిక దోషం (ఆ తేడాలో ఉండగల ఊగిసలాట) 2.09, నిష్పత్తి 2.88, గీత 2.48, అంటే నెగ్గింది. కాలి మిషన్‌కీ ఆటోమేటిక్‌కీ తేడా 4, నిష్పత్తి 2.50, గీత మీద బతికి బట్టకట్టింది. ఇప్పుడు చెదురు వేర్వేరు అని ఒప్పుకునే గేమ్స్-హోవెల్ పద్ధతి చూడండి. చేతి పని తేడాకు దోషం 3.68, నిష్పత్తి 1.63, గీత 3 పైమాటే, ఓడిపోయింది. రెండు మిషన్ల తేడాకు దోషం 1.04, నిష్పత్తి 3.84, గీత సుమారు 2.5, ఢోకా లేకుండా నెగ్గింది. మామూలు అనోవా చేతి పని చేసేవాళ్ళను గట్టిగా తప్పు పట్టి, మిషన్ల తేడాను అనుమానంగా చూసింది. నిజానికి ఆ డేటా చెప్పేది దానికి ఎదురు: రెండు మిషన్ల తేడా ఖాయం, చేతి పని గురించి 5 వాయిలతో ఏమీ తేల్చలేం.

కారణం చిన్నదే. చెదురు ఎక్కువ ఉన్న గుంపులో అంకెలు తక్కువ. ఉమ్మడి హారంలో దాని గొంతు వినిపించదు, కాబట్టి హారం ఉండవలసినదానికన్నా చిన్నదై లేని తేడాలు చూపిస్తుంది. చెదురు ఎక్కువ ఉన్న గుంపే పెద్దదైతే ఇందుకు ఎదురు: నిజంగా ఉన్న తేడాలు మరుగున పడతాయి. గుంపుల సైజులు సమానంగా ఉంటే మామూలు అనోవా చాలావరకు తట్టుకుంటుంది.

మా సలహా: వరుసలు లేని ఏక కారక పోలికలో, గుంపుల సైజులు సమానం కాకపోతే, నేరుగా వెల్చ్‌కి వెళ్ళండి. ముందు చెదురు సమానమో కాదో చూసే లెవీన్ పరీక్ష చేసి, అది నెగ్గితే వెల్చ్, ఓడితే మామూలు అనోవా అన్న రెండంచెల పద్ధతి పాఠాల్లో ఇంకా కనిపిస్తుంది కానీ మంచిది కాదు. గుంపుకు 5 అంకెలతో లెవీన్ దాదాపు ఏదీ పట్టుకోలేదు; అది పట్టుకోకపోయింది కాబట్టి చెదురు సమానం అనుకోవడమే మోసం. చెదురు నిజంగా సమానమైనా వెల్చ్ వాడినందుకు పోయే బలం కొద్దిగానే. అయితే గుంపుకు మూడు నాలుగు అంకెలే ఉంటే వెల్చ్ కూడా తడబడుతుంది, ఒక్కో గుంపు విచలనాన్ని అంత తక్కువ అంకెల నుంచి పట్టడం దానికీ కష్టమే.

నార్మల్‌గా లేదని క్రుస్కల్-వాలిస్‌కి పరుగెత్తే ముందు

ఈ పరుగులో సగం అనవసరం. నార్మల్‌గా ఉండవలసింది ముడి డేటా కాదు, రెసిడ్యువల్స్. అంటే ప్రతి అంకె నుంచి మోడల్ ఊహించినది తీసేయగా మిగిలింది. పై వరి పట్టికలో మెరకనూ పల్లాన్నీ కలిపి 16 అంకెలకు నార్మల్ అవునో కాదో చూసే షాపిరో పరీక్ష పెడితే పరీక్షించేది పొలం వాలుని. రకం, వరుస రెండూ తీసేశాక మిగిలినవి −0.4 నుంచి +0.4 దాకా ఉన్నాయి. చూడవలసింది వాటిని, అదీ క్యూ-క్యూ గ్రాఫ్‌లో (నార్మల్ అయితే చుక్కలు సరళ రేఖ మీద పడే గ్రాఫ్) కంటితో. పదిహేను అంకెలతో షాపిరో చాలా తప్పులను పట్టదు, మూడు వందల అంకెలతో పట్టించుకోనక్కర్లేని వంకరను కూడా పట్టేస్తుంది.

క్రుస్కల్-వాలిస్ తప్పక కావలసిన చోటు స్కోర్లు. అగ్గితెగులుకు 0 నుంచి 9 స్కోరు, చోడి బిస్కట్ రుచికి 1 నుంచి 9 మార్కు: ఇక్కడ 3కీ 4కీ మధ్య దూరం, 7కీ 8కీ మధ్య దూరం ఒకటేనని ఎవరూ చెప్పలేరు. కానీ ఒకే పది మంది అన్ని బిస్కట్లూ తిని మార్కులేస్తే ఆ పది మందీ పది వరుసలు. అప్పుడు కావలసింది ప్రతి వరుసలోపల ర్యాంకులు ఇచ్చే ఫ్రీడ్‌మన్ పరీక్ష. రుచి పరీక్షల రిపోర్టుల్లో ఈ తప్పు ఎంత మామూలంటే, సరిగ్గా చేసినది కనిపిస్తే ఆశ్చర్యపోవాలి.

చెదురు అసమానంగా ఉందని కూడా క్రుస్కల్-వాలిస్ వాడుతుంటారు. అది ఆ జబ్బుకు మందు కాదు. గుంపుల ఆకారాలు వేరైతే ఆ పరీక్ష నెగ్గడానికి మధ్యగతాల తేడాయే కారణం అనలేం.

మొవ్వు చచ్చిన పిలకల సంఖ్య, మొలకెత్తిన గింజల శాతం లాంటివాటికి వర్గమూలం, ఆర్క్‌సైన్ మార్పిడులు పాత అలవాటు. శాతాలన్నీ 30-70 మధ్యలో ఉంటే మార్పిడి లేకుండా సాగిపోవచ్చు. సున్నాకూ వందకూ దగ్గరగా ఉంటే బైనామియల్ మోడల్ (ఇన్నింటిలో ఇన్ని అన్న లెక్కలకు తగినది) నేర్చుకోవడం మేలు. ‘100 గింజల్లో 97’ అన్న సమాచారం దానికి అలాగే ఇవ్వొచ్చు.

ఎఫ్ నెగ్గాక: సీడీ, టుకీ, డనెట్

వరి పట్టికకే తిరిగి వద్దాం. ఎఫ్ నెగ్గింది సరే, ఏ రకం ఏ రకాన్ని దాటింది? హారం 0.149, రెప్లికేషన్లు 4, కాబట్టి రెండు సగటుల తేడాకు ప్రామాణిక దోషం 2 × 0.149 ÷ 4 కి వర్గమూలం, 0.273.

సీడీకి దీన్ని 9 డీఎఫ్ టీ విలువ 2.262తో గుణించాలి: 0.62. టుకీకి గీత 0.85. పాత రకాన్ని కంట్రోల్ అనుకుని మిగతా మూడింటినీ దానితో మాత్రమే పోల్చే డనెట్‌కి 0.77.

కొత్త-2కీ పాత రకానికీ తేడా 1.10, మూడు గీతలూ దాటింది. కొత్త-1కీ పాత రకానికీ 0.70, సీడీ ఔనంటుంది, టుకీ కాదంటుంది, డనెట్ కూడా కాదంటుంది. కొత్త-2కీ కొత్త-3కీ మధ్య కూడా 0.70, సీడీ మాత్రమే ఔనంటుంది. ఇలా ఉన్నప్పుడు నచ్చినది వచ్చేదాకా పద్ధతులు మార్చి చూడటం అందరికీ కలిగే ఆశ. అందుకే పద్ధతి ఏదో విత్తనం వేయక ముందే, సినాప్సిస్‌లోనే రాసిపెట్టాలి.

ఎంపిక ఇలా చేసుకోండి. గుంపులు మూడే అయితే, ఎఫ్ నెగ్గాకే వాడే సీడీ చాలు, మొత్తం పొరపాటు 5 శాతం దాటదు. నాలుగైనా అంతకు మించినా, అన్నిటినీ అన్నిటితో పోల్చాలంటే టుకీ. రైతులు వేస్తున్న స్వర్ణ ఒకటి, దాన్ని దాటేదేదో తెలిస్తే చాలు అన్నది ప్రశ్న అయితే డనెట్. అనవసరమైన జతలు చూడదు కాబట్టి అదే ప్రశ్నకు టుకీ కన్నా పదునైనది. ముందే అనుకున్న రెండు మూడు పోలికలే ఉంటే హోమ్ సవరణ. వెల్చ్ తర్వాత గేమ్స్-హోవెల్, క్రుస్కల్-వాలిస్ తర్వాత డన్. డంకన్ పద్ధతి, అదే డీఎంఆర్‌టీ, మన థీసిస్‌లలో ఇంకా రాజ్యమేలుతోంది. గుంపులు పెరిగేకొద్దీ లేని తేడాలు చూపే గుణం దానిది. గైడ్ పట్టుబడితే తప్ప కొత్తగా మొదలుపెట్టకండి.

ఎఫ్ నెగ్గని పట్టికలో సీడీ అంకె ముద్రించకండి, ‘ఎన్.ఎస్.’ అని రాయండి. ఎన్.ఎస్. అంటే రకాలన్నీ ఒకటే అని కాదు. రెప్లికేషన్లు తక్కువై తేడా పట్టలేకపోయి ఉండొచ్చు. పొరపాటు డీఎఫ్ కనీసం 12 ఉండాలన్న మోటు లెక్క ఒకటి వాడుకలో ఉంది. ఆ ప్రకారం ఆర్‌బీడీలో మూడు రకాలకు 7 వరుసలు, నాలుగింటికి 5, ఏడింటికి 3 చాలు. పై ఉదాహరణలో 9 మాత్రమే ఉంది. అయిదో వరుస ఉండి ఉంటే కొత్త-1 విషయం ఇంత ఊగిసలాడేది కాకపోవచ్చు.

అనోవా ఉన్నా టుకీ వద్దు అనే చోటు

చోడికి నత్రజని 0, 20, 40, 60 కిలోలు వేశారు. ఇవి నాలుగు గుంపులే, కానీ పేర్లు కావు, ఒక కొలబద్ద మీద నాలుగు గుర్తులు. ‘40కీ 60కీ మధ్య తేడా లేదు’ అని టుకీ అక్షరాలు అంటించడం రైతుకు ఉపయోగపడదు. 47 కిలోలు వేస్తే ఏమవుతుందో చెప్పేది రిగ్రెషన్ గీత. ఎఫ్ నెగ్గాక సరళ రేఖా, వంపు రేఖా చూసి, దిగుబడి ఎక్కడ మందగిస్తోందో అక్కడ ఆగండి.

రకాలూ నత్రజనీ కలిపి వేస్తే ముందు చూడవలసింది వాటి ఇంటరాక్షన్, అంటే మోతాదు మారితే రకాల తేడా మారుతోందా అన్నది. అది నెగ్గితే ‘సగటున ఈ రకం మేలు’ అన్న వాక్యం తీసేయండి. ఏ మోతాదు దగ్గర ఏ రకమో విడిగా చెప్పండి.

నీటి తడులు పెద్ద మళ్ళకు, వాటిలో చిన్న మళ్ళకు రకాలు అయితే అది స్ప్లిట్ ప్లాట్, హారాలు రెండు. తడుల ఎఫ్‌కి పెద్ద మళ్ళ పొరపాటు, రకాలకు చిన్న మళ్ళ పొరపాటు. దీన్ని మామూలు ఫ్యాక్టోరియల్ ఆర్‌బీడీగా లెక్కిస్తే తడులకు చిన్న హారం దొరికి, లేని తేడా పుట్టుకొస్తుంది. మూడు తడులు, మూడు వరుసలు ఉంటే తడుల పొరపాటుకు నిజానికి ఉన్న డీఎఫ్ 4 మాత్రమే.

ఉద్దానం కొబ్బరి తోటలో అవే చెట్ల కాయలు ఏడాదికేడాది లెక్కపెడితే రిపీటెడ్ మెజర్స్. ఒకే చెట్టు అంకెలు ఒకదానికొకటి చుట్టాలు. ఏళ్ళను వేరే చెట్ల గుంపుల్లా చూడకూడదు. గాలివానకు కొన్ని చెట్లు పోతే చాలు, రిపీటెడ్ అనోవా ఆ చెట్ల అన్ని ఏళ్ళనూ పారేస్తుంది. మిక్స్‌డ్ మోడల్ ఉన్నవాటిని ఉంచుకుంటుంది.

సాఫ్ట్‌వేర్ దగ్గర కాలు జారే చోట్లు

ఎక్సెల్‌లో ఆర్‌బీడీకి సరైన మెనూ ‘టూ ఫ్యాక్టర్ వితౌట్ రెప్లికేషన్’. నాలుగు రెప్లికేషన్లు ఉన్నాయి కదా అని చాలామంది ‘విత్ రెప్లికేషన్’ నొక్కుతారు. ఎక్సెల్ భాషలో రెప్లికేషన్ అంటే ఒకే గడిలో ఒకటికి మించిన అంకె. ఆర్‌బీడీలో ప్రతి రకానికీ ప్రతి వరుసలోనూ ఒక్క మడే, కాబట్టి వితౌట్. ఫలితంలో రోస్, కాలమ్స్ అన్న రెండు పంక్తుల్లో పై పట్టికకు కాలమ్స్ పంక్తే రకాలది. డీఎఫ్‌లు 3, 3, 9 రావాలి. 12 కనిపిస్తే మెనూ తప్పింది. వెల్చ్, టుకీ ఎక్సెల్‌లో లేవు.

ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో రకాలకు 1, 2, 3, 4 అని కోడ్ ఇచ్చి, ఫ్యాక్టర్‌గా (పేర్లుగా) మార్చడం మరిచిపోతే అది వాటిని ఎరువు మోతాదుల్లా అంకెలనుకుంటుంది. పట్టికలో రకం పక్కన డీఎఫ్ 3 బదులు 1 వస్తుంది. ఆ ఒక్క అంకె చూసే అలవాటు సగం తప్పులను పట్టేస్తుంది. ఏఓవీ (aov) ఆజ్ఞ మామూలు అనోవా, వన్‌వే టెస్ట్ (oneway.test) ఆజ్ఞ మీరు వద్దనకపోతే వెల్చ్. రెండు చోట్లా అంకెలు కలవలేదని కంగారు పడనక్కర్లేదు.

పశువులు మేసి ఒకటి రెండు మళ్ళు పోయాయనుకోండి. డేటా సమతూకం తప్పగానే ఆర్ ఒక ఎఫ్, ఎస్‌పీఎస్‌ఎస్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఇంకో ఎఫ్ చూపొచ్చు. ఆర్ ఏఓవీ మీరు రాసిన క్రమంలో ఒక్కోదాన్ని తీసేస్తూ పోతుంది, ఎస్‌పీఎస్‌ఎస్ ప్రతిదాన్నీ మిగతావన్నీ తీసేశాక చూస్తుంది. ఆర్‌లో ముందు వరుస, తర్వాత రకం రాస్తే రకానికి రెండు సాఫ్ట్‌వేర్ల ఎఫ్‌లూ కలుస్తాయి. పోయిన మడి దగ్గర సున్నా మాత్రం వేయకండి, గడి ఖాళీగా వదలండి. పశువు మేసిన మడికి దిగుబడి సున్నా కాదు, తెలియదు.

రిపోర్టులో రాయవలసిన వాక్యం ఈ మేరకు ఉంటే పరీక్షకులకు అడగడానికి ఏమీ మిగలదు: ‘నాలుగు వరుసల ఆర్‌బీడీ, ఎఫ్ (3, 9) = 5.82, పి = 0.017, సీవీ (పొరపాటు విచలనం సగటులో ఎంత శాతమో) 3.9 శాతం, టుకీ గీత 0.85 కిలోలు/మడి, కొత్త-2 పాత రకం కన్నా 1.10 కిలోలు ఎక్కువ, అంటే హెక్టారుకు 550 కిలోలు.’